గాలికి ఆకుపచ్చ రంగు వేసిందెవరు?

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ నగర పేజీలో గాలి నాణ్యత మ్యాపు వేశారు. హైదరాబాద్ అంతా లేత ఆకుపచ్చ. పక్కన 'సంతృప్తికరం' అని ఒక్క ముక్క. ఎవరికి సంతృప్తికరం అని ఆ రోజే రాద్దామనుకుని ఇవాళ్టికి కూర్చున్నాను. పొద్దున్నే మూసాపేటలో బస్సు కోసం ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని నిలబడేవాళ్లను మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

ఆ ఆకుపచ్చ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయాల్సింది. క్యూబిక్ మీటరు గాలిలో పీఎం 2.5 అనే అతి సన్న ధూళి 24 గంటల సగటున 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా మన లెక్కలో సంతృప్తికరమే. ఈ 60 హద్దు 2009లో పెట్టుకున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 15కి దించింది. మనం కదల్లేదు. అదే ధూళి 58 మైక్రోగ్రాములుంటే అమెరికా లెక్కలో ఎర్ర రంగు, అంటే అనారోగ్యకరం. అమెరికాలో ఉన్న మా అబ్బాయి తన యాప్‌లో హైదరాబాద్ చూసి 'నాన్నా, మాస్కు పెట్టుకో' అంటాడు. నేను మీ పేపరు చూసి వాకింగ్‌కు పోతాను. ఇద్దరం చూసేది ఒకే ఊరి గాలి!

ఇక సగటు సంగతి. నగరం పేరు మీద వచ్చే అంకె గాలిని కొలిచే కేంద్రాలన్నిటినీ కలిపి తీసింది. ఇక్రిశాట్ పొలాల్లోనూ సెంట్రల్ యూనివర్సిటీ చెట్ల మధ్యా ఉన్న యంత్రాలూ, ఫ్యాక్టరీ వాడలైన సనత్‌నగర్, బొల్లారం యంత్రాలూ అన్నీ ఒకే గంపలో. ఇంట్లో ఒకడి జ్వరాన్ని పదిమందికీ పంచేసి ఎవరికీ జ్వరం లేదన్నట్టుంది. పైగా అది రోజంతటి సగటు. దీపావళి రాత్రి ఊపిరాడక కిటికీలు మూసుకున్న సంగతి, మర్నాడు సాయంత్రం 4 గంటల బులెటిన్‌కు వచ్చేసరికి పగటి గాలితో కలిసి పలచబడిపోతుంది.

గాలి ఎంత చెడిందో చెప్పే మన గాలి నాణ్యత సూచీ 500 దగ్గర ఆగిపోతుందని ఎంతమందికి తెలుసు? 2024 నవంబరు 18న ఢిల్లీలో ప్రభుత్వ సూచీ 494 చూపితే, ప్రైవేటు యాప్‌లు కొన్నిచోట్ల వెయ్యి దాటించాయి. మన గాలి ఎంత చెడినా పెద్దలు గీసిన గీత దాటకూడదు మరి.

అసలు బాధ ఇది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ, విజయవాడ, హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు అన్నీ ఉన్నాయి. నగరాల పనితీరును మాత్రం పీఎం 10తో, అంటే ముతక దుమ్ము కూడా కలిసిన లెక్కతో చూస్తూ వచ్చారు. అది తగ్గించాలంటే రోడ్డు ఊడ్చి నీళ్లు చల్లితే సరి. ఫ్యాక్టరీ పొగ, లారీ పొగ, చెత్త మంటల నుంచి వచ్చే సన్న ధూళే ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది, రక్తంలోకీ చేరుతుంది. మార్కులు దానికి లేవు. అందుకే ఆ కార్యక్రమం డబ్బులో సింహభాగం రోడ్డు దుమ్ముకే పోయింది. దేన్ని కొలవాలో ముందే తేల్చుకుంటే ఎక్కడ ఖర్చుపెట్టాలో, ఎవరి జోలికి పోకూడదో కూడా తేలిపోతుంది.

ఇది గాలితోనే మొదలు కాలేదు లెండి. 2018 ఏప్రిల్ 28న మణిపుర్‌లోని లైసాంగ్‌కు కరెంటు చేరడంతో దేశంలో ప్రతి ఊరూ వెలిగిందన్నారు. బడికి, పంచాయతీ ఆఫీసుకు, ఊళ్లో 10 శాతం ఇళ్లకు తీగ చేరితే ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టేనట. మిగతా 90 శాతం ఇళ్లలో దీపం బుడ్లున్నా మ్యాపులో మాత్రం వెలుగే. కాలుష్యంతో ఎంతమంది పోతున్నారని పార్లమెంటులో అడిగితే, నేరుగా దానివల్లేనని తేల్చే సమాచారం లేదంటారు. సమాచారం సేకరించే పని ఎవరిదో మాత్రం చెప్పరు.

అధికారులు ఇచ్చిన రంగును అలాగే అచ్చేసే పనికి విలేకరి ఎందుకండీ? వచ్చేసారి మ్యాపు వేస్తే మైక్రోగ్రాముల అంకె, కేంద్రం పేరు, ఏ గంటలో ఎక్కువగా ఉందో కూడా వేయండి. యంత్రం లేని పేటలను రంగు పూయకుండా తెల్లగా వదిలేయండి. మ్యాపులో సగం ఖాళీగా కనిపిస్తోందని మీ డిజైనర్ గొడవపెడితే, ఆ గొడవేదో కాలుష్య నియంత్రణ మండలితో పెట్టుకోమనండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
మూసాపేట, హైదరాబాద్