సెల్ఫ్ మార్చే ముందు ఎర్త్ వైరు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఫిషింగ్ హార్బర్ దగ్గర తెల్లారకముందే లోడు కోసం నిలబడే టాటా ఏస్‌లు, బొలెరో పికప్‌లు చాలావరకు పాతబడ్డవే. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్, ఆపైన డీజిలు, టైర్లు, అన్నీ పోను ఓనరు చేతిలో మిగిలేది కొంచెం, ఆ కొంచెం కూడా అక్కర్లేని రిపేర్లకు పోతోందనే నా బాధ.

ఈమధ్య మా స్టాండులో ఒక తమ్ముడి బండి సెల్ఫ్ కొడితే టిక్కుమని ఆగిపోయింది. షెడ్డులో సెల్ఫ్ మోటారు పోయిందన్నారు, మార్పించాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే టిక్కు. ఈసారి బ్యాటరీ అన్నారు, అప్పు చేసి అదీ కొన్నాడు. చివరికి చూస్తే ఇంజిన్ నుంచి షాసీకి, అంటే బండి అడుగు ఇనుప చట్రానికి వచ్చే ఎర్త్ వైరు కొసన పచ్చగా చిలుము పట్టి ఉంది. నట్టు విప్పి, లోహం మెరిసేదాకా సాండ్‌పేపరుతో రుద్ది బిగిస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది!

మన ఊళ్లో ఇది మామూలే. సముద్రం ఉప్పుగాలి ఒకవైపు, చేపల బాక్సుల్లోంచి కారే ఉప్పునీళ్లు ఇంకోవైపు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు షాసీకి తిరిగి రావడానికి ఆ వైరే దారి. అది చెడితే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్లాంటి సన్నటి దారి వెతుక్కుంటుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కేబుల్ వేడెక్కిందంటే అనుమానం ఎర్త్ మీదే పెట్టుకోండి.

పరీక్ష చాలా తేలిక. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వోల్టులు కొలిచే మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొస బ్యాటరీ మైనస్ ముక్కుకి, రెండోది ఇంజిన్ మీద పెయింటు లేని చోట ఆనించి, పక్కవాళ్లని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే తప్పు ఎర్త్ దారిలోనే ఉంది. బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. బ్యాటరీ ముక్కుల మీద పేరుకున్న పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక బిగించి, పైన వాజలైన్ రాస్తే చాలు.

డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ కూడా ఎవరి బండికి వాళ్లు విప్పుకోవచ్చు. బ్రేకులు, స్టీరింగు మాత్రం తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందకి దూరొద్దు. డీజిలుని బాగా ఎక్కువ ప్రెషరుతో పంపే కామన్ రైల్ ఇంజిన్లో డీజిల్ పైపులు అస్సలు వదులు చేయొద్దు, ఆ ప్రెషరుకి డీజిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

మెకానిక్‌ల మీద నాకు కోపం లేదండీ, ఆటోనగర్‌లో బంగారం లాంటి పనివాళ్లున్నారు. కానీ రద్దీలో వైరు వైరూ వెతికే తీరిక వాళ్లకెక్కడిది? అందుకే అడుగుతున్నాను, కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో ఓనర్ కమ్ డ్రైవర్లకి ఆదివారం పూట క్లాసు పెట్టాలని అధికారులకు మీ పత్రిక ద్వారా చెప్పండి. పుస్తకం పాఠం వద్దు. పాత ఇంజిన్ ఒకటి ముందు పెట్టి, మీటరు మా చేతికిచ్చి నేర్పించాలి. ఆదివారం కూడా మధ్యాహ్నం అయితే మేలు, పొద్దున్న మాకు చేపల లోడు ఉంటుంది.

ఇట్లు,
ఒక వ్యాన్ ఓనర్ కమ్ డ్రైవర్,
విశాఖపట్నం