బ్యాటరీని నిండా నింపి దాచకు

తణుకు,
నవంబరు 20

అమ్మలూ,

రాత్రి వీడియోకాల్‌లో టొరంటోలో నీ గది చూపిస్తుంటే చెప్పుల స్టాండు పక్కన నీ ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ కనిపించింది. దాని మీద ఐదు లైట్లూ వెలుగుతున్నాయి. "ఫుల్ ఛార్జ్ పెట్టేశాను నాన్నా, ఇక మార్చి దాకా దాని జోలికి వెళ్లను" అన్నావు. ఈలోగా అమ్మ నీ చలికోటు సంగతి ఎత్తుకుంది. ఆవిడ మొదలెట్టాక నా మాట ఎవరు వింటారు? అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు చిన్నప్పటి నుంచి మనింట్లో చూసిందే చేశావు. మన ఇన్వర్టర్ బ్యాటరీ, మా డిపోలో బస్సుల బ్యాటరీలు అన్నీ సీసం, యాసిడ్‌వి. వాటిని వాడకుండా పక్కన పెట్టాలంటే నిండా ఛార్జ్ చేసే పెట్టాలి. ఛార్జ్ దిగిపోయి పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత కరెంటు ఎక్కించినా లేవవు. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పట్టుకుని నేను ఏళ్ల తరబడి కాపలా కాసింది దానికే. నీ సైకిల్‌ది లిథియం. దాని లెక్క వేరు. నిండుగా ఉంచితే ఊరికే కూర్చున్నా లోపల అరుగుతూనే ఉంటుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా అరుగుతుంది. బాష్ వాళ్లు తమ సైకిల్ బ్యాటరీలను 30 నుంచి 60 శాతం మధ్య ఉంచి దాచమంటారు. నీది వేరే కంపెనీది కాబట్టి దాని పుస్తకంలో ఇంకో అంకె ఉంటే అదే పాటించు. లేకపోతే ఐదింట్లో మూడు లైట్లు చాలు. రోడ్డు పొడిగా ఉన్న రోజు చూసి, రెండు లైట్లు ఆరేదాకా ఒక చుట్టు తిరిగిరా.

వచ్చాక దాన్ని మళ్లీ ఆ చోటే పెట్టకు. చెప్పుల స్టాండు వెనక వేడిగాలి వచ్చే జాలీ ఉంది, చూసుకున్నావో లేదో. బేస్‌మెంట్‌లో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఉన్న గది కూడా వద్దు. 10 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండే పొడి చోటు మంచిది. మంచం కిందా వద్దు, బయటికి వెళ్లే దారిలోనూ వద్దు. సైకిల్‌ని మాత్రం షెడ్‌లోనే ఉంచుకో, దానికేం కాదు.

చలిలో ఊరికే ఉండటం వల్ల బ్యాటరీకి పెద్ద నష్టం లేదు. సున్నా కంటే కింద ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టడం వల్లే అసలు నష్టం. ఛార్జ్ చేసేటప్పుడు లిథియం వెళ్లి గ్రాఫైట్ పొరల మధ్య కూర్చోవాలి. చలికి ఆ లోపలికి వెళ్లే పని మందగిస్తుంది. వెనక నుంచి ఛార్జర్ తోస్తూనే ఉంటుంది. లోపల సీట్లున్నా జనం ఫుట్‌బోర్డు మీదే వేలాడినట్టు, లిథియం పైపైనే లోహంలా పేరుకుపోతుంది. అలా పేరుకున్నదంతా తిరిగి పనికి రాదు. కెపాసిటీ పోతుంది, ఒక్కోసారి అది సూదుల్లా పెరిగి లోపలే షార్ట్ అవుతుంది. కాబట్టి బయట తిరిగి వచ్చిన వెంటనే ప్లగ్ పెట్టకు. రెండు మూడు గంటలు గదిలో ఉండనీ, పైన పట్టిన చెమ్మ కూడా ఆరుతుంది.

2023 డిసెంబరు 31న మీ టొరంటో సబ్‌వే రైల్లోనే ఒక ఈ-బైక్ తగలబడింది. 2024లో అక్కడి బస్సులు, రైళ్లు నడిపే టీటీసీ వాళ్లు నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా లిథియం సైకిళ్లను ఎక్కించుకోకూడదని పెట్టారు. మంచు, తడి, రోడ్ల మీద చల్లే ఉప్పు, ఇవన్నీ బ్యాటరీకి పడవని వాళ్ల భయం. నువ్వు టెన్షన్ పడాలని చెప్పడం లేదు. ఆ ఉప్పు సంగతి చెబుదామని. బ్యాటరీ తీశాక దాని పిన్నుల దగ్గర, ఫ్రేములో అది కూర్చునే చోట తెల్లగా ఏమైనా పట్టిందేమో చూడు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పైపు పెట్టి కడగొద్దు.

నెలకోసారి బటన్ నొక్కి చూడు. నువ్వు వాడకపోయినా లోపలి సర్క్యూట్ బోర్డు ఛార్జ్‌ని కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. ఒక్క లైటుకి దిగితే మళ్లీ మూడు దాకా ఎక్కించి తీసెయ్, నువ్వు మెలకువగా ఉన్నప్పుడే. పూర్తిగా దిగిపోయి అసలు వెలగకపోతే, ఎవరైనా "వైరు తగిలించి లేపుతా" అంటే ఒప్పుకోకు. అంత కిందికి దిగిన సెల్‌లో రాగి కరుగుతుంది, మళ్లీ ఛార్జ్ ఎక్కిస్తే లోపల షార్ట్ కొట్టొచ్చు. అలాంటిదాన్ని షాపు వాళ్లకే అప్పజెప్పు.

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కదా, నాకు ఉన్న అనుమానమల్లా ఆ ఛార్జర్ మీదే. బ్యాటరీ మీద 36 వోల్టులు అని ఉంటే ఛార్జర్ అవుట్‌పుట్ 42 ఉండాలి. 48 అని ఉంటే 54.6. రెండింటి స్టిక్కర్లూ చదవడానికి వీలుగా ఫొటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా ప్లగ్ పెట్టకు. ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు, నాకు విడిగా పంపు. అమ్మ చూసిందంటే సైకిలే అమ్మెయ్యమంటుంది.

నాన్న