వానపాము గొట్టాల సంగతి

ఒరేయ్ రవీ,

పక్షవాతం వచ్చిన నాన్నగారు ఇప్పుడు కర్ర సాయంతో వరండా దాకా వస్తున్నారని నీ ఉత్తరంలో చదివి ప్రాణం లేచొచ్చింది. మీ బావ సింగపూర్ నుంచి తెచ్చిన మందుపెట్టె ఫోటో చూశాను. దినుసులను బట్టి అది చైనా వాళ్ల పాత పక్షవాతం కషాయమే, పొడి చేసి గొట్టాల్లో (క్యాప్సూల్స్‌లో) నింపారు. వాంగ్ చింగ్‌రెన్ అనే వైద్యుడు 1830లో తన పుస్తకంలో రాశాడు దాన్ని. హువాంగ్‌చీ అనే వేరు ఒక్కటే 120 గ్రాములు! మిగతా ఆరు దినుసులూ కలిపినా అందులో ఐదో వంతు రావు. ఆ ఆరింటిలో ఎండబెట్టిన వానపాము ఒకటి. ఈ ముక్క నాన్నగారి చెవిన వెయ్యకు, అన్నం మానేస్తారు.

ఈ మందుతో "నరాలు మళ్లీ మొలుస్తాయి" అని నువ్వు రాసింది ఉత్త గాలి కబురేం కాదు. ల్యాబుల్లో పీసీ12 అనే కణాలు వాడతారు, ఎలుక అడ్రినల్ గ్రంథిలోని కణితి నుంచి తీసినవి. మామూలుగా గుండ్రంగా పడుంటాయి. నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ తగిలిస్తే కొన్ని రోజుల్లో సన్నటి పోగులు చాస్తాయి. (రీటా లెవీ మొంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్తలకి 1986లో నోబెల్ వచ్చింది ఇలాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు కనిపెట్టినందుకే.) పోగు కణం వెడల్పు కంటే పొడుగైతే పెరిగినట్టు లెక్క. చైనా మూలికల సారాలు కొన్ని ఇలాంటి కణాల్లో పోగులు రప్పించాయి, నిజమే.

కానీ అక్కడ మందు నేరుగా కణం మీదే పోస్తారు. మింగిన గొట్టం కడుపూ లివరూ దాటాలి, ఆపైన మెదడు రక్తనాళాల గోడ దాటాలి, అది చాలావాటిని లోపలికి రానివ్వదు. పైగా చేతిలో నరం తెగితే రోజుకో మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది గానీ, మెదడులో తెగినవి అలా పెరగవు. నాన్నగారు నడుస్తున్నారంటే మిగిలిన భాగాలు ఆ పని నేర్చుకుంటున్నాయన్నమాట.

దీనికి దగ్గరి బంధువులాంటి ఎంఎల్‌సీ601 అనే మందుని ఆసియా దేశాల్లో 1,099 మంది పక్షవాతం రోగుల మీద పరీక్షించి 2013లో ఫలితం చెప్పారు. మూడు నెలలకి మందు లేని ఉత్తుత్తి గొట్టాలు మింగినవాళ్లకీ అసలు మందు మింగినవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఇదే పెద్ద సాక్ష్యం.

అసలు నా టెన్షన్ వేరే. పెట్టె మీది దినుసుల్లో డాంగ్‌గ్వీ అనే వేరు ఉంది. నాన్నగారు వేసుకునే రక్తం పలచబడే మాత్రలతో అది కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదముంది. న్యూరాలజిస్టుకి ఫోటో చూపించేదాకా ఒక్క గొట్టం కూడా వెయ్యొద్దు. బావ నొచ్చుకుంటే నా పేరు చెప్పు. ఫిజియోథెరపీ మాత్రం ఒక్కరోజు కూడా మానిపించకు, పండక్కి కూడా.

నీ
సుబ్బు