చివరి జెడ్ పలకాలా, మింగాలా?

ఒరేయ్ శీనూ,

ఫ్రాన్స్‌లోని లియోఁలో ఉద్యోగం ఖాయమైంది కదా, ఇక ఆ "చివరి హల్లు పలకకూడదు" అనే ఫ్రెంచి క్లాసు సూత్రాన్ని కాస్త పక్కన పెట్టు. మామూలు మాటల్లో చాలావరకు పనిచేస్తుంది గానీ, పేర్ల దగ్గరికొస్తే ఊరికో లెక్క.

ముందు నీకు దగ్గర్లో ఉన్న ఆల్ప్స్ సంగతి. చలికాలం వస్తే ఆఫీసులో అందరి నోటా మంచు ఊళ్ల పేర్లే. బోర్డు మీద చివర జెడ్ ఉంటుంది, అక్కడివాళ్ల నోట్లో మాత్రం "అవోరియా", "లా క్లూజా". ఆ కొండల పాత భాష ఫ్రాంకో-ప్రొవాన్సాల్. అందులో చాలా పేర్లకి ఊనిక, అంటే నొక్కి పలకడం, చివరి అక్షరం మీద కాక దాని ముందు అక్షరం మీద పడుతుంది. చివరి అచ్చుని తేల్చి పలకమని గుర్తుగా రాతలో జెడ్ తగిలించేవారు. చివరే బరువైతే ఎక్స్ పెట్టేవారు. షామొనీ అనే ఊరి పేరులో ఎక్స్ వినపడనిది అందుకే. పారిస్ నుంచి వచ్చినవాళ్లు ఆ జెడ్‌ని పలికేస్తే ఊరివాళ్లు మొహం చిట్లిస్తారు.

అలాగని ప్రతి జెడ్‌నీ మింగేయకు. సంగీతకారుడు బెర్లియోజ్ 1803లో పుట్టింది ఆ చుట్టుపక్కలే, ఇజేర్ జిల్లాలో. ఆయన పేరులో జెడ్ నిక్షేపంగా పలుకుతుంది. 1998 ప్రపంచ కప్ గోల్ కీపర్ బార్తెజ్‌ది నైరుతి వైపు ఆరియేజ్ జిల్లా. అక్కడా జెడ్ పలకాల్సిందే.

దక్షిణాదివాళ్ల యాస మన చెవికి హాయిగా ఉంటుంది. "మార్తెఁ" అనే పేరుని ముక్కుతో వదిలేయకుండా "మార్తెంగ్" అన్నట్టు ముగిస్తారు. తూలూజ్ అనే ఊరి పేరు చివర చిన్న అచ్చు కూడా వినిపిస్తుంది. మార్సేయి దగ్గరి రేవూరు మాత్రం "కసీ". అదే రాతని "కసీస్" అని పలికితే నల్లద్రాక్షలాంటి ఓ పండు.

ఎక్స్‌తో ఇంకో తంటా. బెల్జియం వాళ్లకి వాళ్ల రాజధాని "బ్రుసెల్", "బ్రుక్సెల్" అంటే ఒళ్లు మండుతుంది. బుర్గుండీలోని ఓ ఊరి పేరులోనూ ఎక్స్‌ని స లాగే పలికి "ఒసేర్" అంటారు. మెట్జ్ అని రాసి "మెస్" అంటారు, ఇదో విడ్డూరం. క్యూబెక్ వాళ్లతో ఫోన్లో మాట్లాడాల్సొస్తే, ఇ, యు ముందు త, ద కాస్తా త్స, ద్జ అవుతాయని గుర్తుంచుకో. మత్యె అనే పేరు "మత్స్యె"లా, దియోఁ అనే పేరు "ద్జియోఁ"లా వినపడతాయి.

ఇంటిపేర్ల విషయంలో ఏ ప్రాంతమన్నదీ పూర్తిగా నమ్మకు. ఒకే రాతని రెండు కుటుంబాలు రెండు రకాలుగా పలుకుతాయి. మొదటిరోజే "కొమాఁ స ప్రొనొఁస్ వొత్ర్ నొఁ?" (మీ పేరు ఎలా పలకాలి?) అని అడిగెయ్, విన్నది తెలుగులో రాసుకో. ముక్కుతో పలికేచోట అరసున్న పెట్టుకుంటే చాలు.

నీ
రవి