దవావోలో మమ్మల్ని కాపాడుకున్నవాళ్ళకు కృతజ్ఞతలు

అక్టోబర్ 10, 2025న ఫిలిప్పీన్స్‌లోని దవావో ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు మా అత్తయ్యను హోటల్ మూడో అంతస్తు నుంచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోసుకొచ్చిన ఇద్దరికి, ఆ పగలూ ఆ రాత్రీ మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళందరికీ ఈ నాలుగు మాటలు. ఇంటికి రాగానే రాయాల్సింది. వచ్చేవాళ్ళు, ఫోన్ చేసేవాళ్ళు, దీపావళి పనులు, ఇలా రోజులు గడిచిపోయాయి. ఎవరి పేర్లూ రాయడం లేదు, హోటల్ పేరు కూడా. వాళ్ళని అడక్కుండా పేర్లు బయట పెట్టడం బాగుండదు. ఎవరి గురించి రాశానో వాళ్ళకు తెలుస్తుంది. మా అమ్మాయి హోటల్‌కి వెళ్ళి దీన్ని ఇంగ్లిష్‌లో చెప్పి వినిపిస్తానంది.

మా అమ్మాయి దవావోలో మెడిసిన్ చదువుతోంది. అక్కడ మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు చాలామందే ఉన్నారు. పంపించాక ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేకపోయాం. 2025 జూన్ 8 నుంచి మనవాళ్ళకు పద్నాలుగు రోజుల వరకు వీసా అక్కర్లేదని తెలిసింది. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ కాగితం, ఖర్చులకు డబ్బుందని రుజువు, కనీసం ఆర్నెల్లు చెల్లే పాస్‌పోర్టు చూపించాలన్నారు. ఆ మాట వినడమే ఆలస్యం, మా అత్తయ్య "నేనూ వస్తా, మనవరాలు ఎక్కడుంటుందో ఏం తింటుందో నా కళ్ళతో చూడాలి" అని పట్టుబట్టింది. మోకాళ్ళ నొప్పులు, బీపీ, పైగా శాకాహారం. మావారికి సెలవు దొరకలేదు. చివరికి అత్తాకోడళ్ళం ఇద్దరమే హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా బయల్దేరాం.

హోటల్ మా అమ్మాయి సీనియర్లు చెప్పిందే. ఊరి మధ్యలో పాత బిల్డింగు. రోజుకు పన్నెండు వందల పెసోలు, అంటే మన డబ్బుల్లో పద్దెనిమిది వందల చిల్లర. ఇంకాస్త చవకగా కిటికీ లేని గదులు కూడా ఉన్నాయి, అక్కడి చిన్న హోటళ్ళలో అది మామూలేనట. మేం ముందు బుక్ చేసుకున్నది ఆరో అంతస్తులో. ఫ్రంట్ డెస్క్‌లో ఉన్న అమ్మాయి అత్తయ్య నడక చూసి, తనంతట తానే కంప్యూటర్‌లో వెతికి, అదే రేటుకు మూడో అంతస్తులో కిటికీ ఉన్న గది ఇచ్చింది. "లిఫ్ట్ ఉంది కదా" అన్నాను. "కరెంటు పోతే లోలా ఎలా దిగుతుంది?" అంది. లోలా అంటే అక్కడ అమ్మమ్మ, నానమ్మ ఎవరైనా సరే. ఆ రోజు నుంచి హోటల్ మొత్తానికి మా అత్తయ్య లోలా అయిపోయింది. ఆ అమ్మాయికి నా మొదటి దండం ఆ గది మార్చినందుకే. ఆరో అంతస్తులో ఉండుంటే ఏమయ్యేదో ఆలోచించాలంటేనే భయం.

భూకంపం దాకా ఆగక్కర్లేదు, అంతకు ముందే వాళ్ళకు మేం చాలా బాకీ పడ్డాం. అక్కడ కరెంటు 220 వోల్టులు, ఇంచుమించు మనలాగే కానీ ప్లగ్గు రంధ్రాలు రెండు సన్నటి చీలికల్లా ఉంటాయి, మన ఛార్జర్లు దూరవు. డెస్క్ వాళ్ళు డ్రాయరులోంచి అడాప్టర్ తీసిచ్చి, వెళ్ళేటప్పుడు ఇస్తే చాలన్నారు. ఇక తిండి. ఫిలిప్పీన్స్‌లో కూరగాయల కూర అని చెప్పి పెట్టినదాంట్లో కూడా రొయ్యల ముద్దో చేపల ముద్దో తరచూ కలిసి ఉంటుంది, తీసెయ్యడానికి కుదరదు. హోటల్లో పొద్దున పెట్టేది వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, గుడ్డు, పక్కన ఏదో ఒక మాంసం. గదిలో వంట చేసుకోకూడదని గోడ మీద బోర్డే ఉంది. అత్తయ్య అరటిపళ్ళతో నెట్టుకొస్తోందని తెలిసి, స్టాఫ్ భోజనాలు చేసుకునే చిన్న గదిలో రైస్ కుక్కర్ పెట్టుకోనిచ్చారు. మధ్యాహ్నం తెలుగు మెస్ నుంచి అమ్మాయి పప్పు, పెరుగు తెచ్చేది.

గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు గురించి విడిగా చెప్పాలి. యాభై దాటిన మనిషి. వచ్చేపోయేవాళ్ళ బ్యాగుల్ని సన్నటి కర్రతో కదిపి చూస్తాడు, పేరు రిజిస్టరులో రాసుకుంటాడు. వెనకాల డూరియన్ అనే ఘాటు వాసన పండు లోపలికి తేకూడదని బోర్డు. దాన్ని పనసపండు అనుకుని మా అత్తయ్య "పండుకి కూడా పోలీసు కాపలానా?" అని నవ్వింది. అత్తయ్యకు తెలుగు తప్ప ఏదీ రాదు, ఆయనకు అక్కడి భాష బిసాయా, కాస్త ఇంగ్లిష్. అయినా సాయంత్రం పూట లాబీలో కూర్చుని ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఏం అర్థమయ్యేదో నాకైతే తెలీదు. మేం తీసుకెళ్ళిన సకినాలు నాలుగు ఆయన చేతిలో పెడితే, రెండు తిని రెండు మనవడికని జేబులో వేసుకున్నాడు.

ఆ శుక్రవారం పొద్దున అత్తయ్య స్నానం చేసి, కిటికీ గట్టు మీద పెట్టుకున్న చిన్న పటానికి పూలు పెట్టి దండం పెట్టుకుంటోంది. సమయం తొమ్మిది నలభై మూడు అని తర్వాత వార్తల్లో చూశాను. ముందు మంచం కదిలింది. పక్క గదిలో ఎవరో సామాను జరుపుతున్నారనుకున్నా. అంతలోనే చేటలో బియ్యం చెరిగినట్టు గది మొత్తం మమ్మల్ని అటూ ఇటూ విసిరింది. బాత్రూమ్‌లో అద్దం పగిలిన చప్పుడు, లైట్లు పోయాయి. అత్తయ్య కింద కూలబడింది. నేను ఆమెను లేపి మెట్ల వైపు తీసుకెళ్దామని చూస్తున్నా. వరండాలో దుప్పట్లు మారుస్తున్న రూమ్‌బాయ్ తలుపు తోసుకుని వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. "నో స్టెయిర్స్, నో స్టెయిర్స్" అని అరుస్తూ మమ్మల్ని కిటికీకి దూరంగా లాగి, మంచం పక్కన కూర్చోబెట్టి, దిండ్లు మా తలల మీద పెట్టి, తను వాటి మీద చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తన తల మీద ఏమీ లేదు. ఆ సంగతి నాకు ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది.

అక్కడ మూడు నెలలకోసారి దేశమంతా భూకంపం డ్రిల్ చేస్తారు. ఊగుతున్నంతసేపు వంగి, తల కాపాడుకుని, కదలకుండా ఉండాలి. ఆగాక మెట్ల మీదుగా బయటికి రావాలి, లిఫ్ట్ ఎక్కకూడదు. పైగా పది రోజుల ముందే, సెప్టెంబర్ 30 రాత్రి, అదే దేశంలోని సెబూ దీవిలో 6.9 తీవ్రతతో భూకంపం వచ్చి డెబ్బై మందికి పైగా చనిపోయారు. అందరూ ఆ భయంలోనే ఉన్నారు. అయినా ఆ కుర్రాడి చేతులు వణకలేదు.

ఊగడం ఆగింది. అత్తయ్య కాళ్ళు ఇక పనిచెయ్యలేదు. మెట్ల నిండా జనం కిందికి పరుగులు. వాళ్ళకు ఎదురుగా మా గార్డు పైకి వస్తున్నాడు! రోజూ ఎవరెవరు ఏ గదిలో ఉన్నారో చూసుకునే మనిషి, "లోలా" అని పిలుస్తూ నేరుగా మా గదికే వచ్చాడు. వరండాలో ఉన్న తెల్ల ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, అత్తయ్యను కూర్చోబెట్టి, ఒక పక్క ఆయన, ఒక పక్క రూమ్‌బాయ్ పట్టుకుని మూడంతస్తులూ దించారు. మెట్ల మలుపుల దగ్గర అత్తయ్య కళ్ళు మూసుకుని నరసింహస్వామిని తలుచుకుంటోంది. గార్డు ఆమెకు అడుగడుగునా ఏదో చెబుతూనే ఉన్నాడు. ధైర్యం చెప్పాడనే అనుకుంటున్నా.

ఎదురుగా పార్కింగ్ స్థలంలో అందర్నీ నిలబెట్టారు. డెస్క్ అమ్మాయి లిస్టు పట్టుకుని గది నంబరు ప్రకారం పిలుస్తోంది. ఎవరో ఒకరు పలక్కపోతే మళ్ళీ మళ్ళీ పిలిచింది. తీవ్రత 7.4 అని, పక్కనున్న దవావో ఓరియెంటల్ ప్రావిన్స్‌లోని మనాయ్ ఊరికి దగ్గర్లో సముద్రంలో పుట్టిందని, తూర్పు తీరానికి సునామీ హెచ్చరిక ఇచ్చారని అందరి ఫోన్లలో. సునామీ అనగానే నా గుండె ఆగినంత పనైంది. గార్డు తన రిజిస్టరు వెనక పేజీలో గీతలు గీసి చూపించాడు. హెచ్చరిక పసిఫిక్ వైపు తీరానికి, దవావో ఊరు సముద్రపు పాయ (దవావో గల్ఫ్) లోపలి వైపు, మధ్యలో ఇంత భూమి ఉంది అని. ఆ హెచ్చరికను మధ్యాహ్నానికల్లా తీసేశారు.

మా అమ్మాయి ఫోన్ కలవలేదు. కాలేజీలో క్షేమంగా ఉన్నానని మెసెంజర్‌లో ఒక్క ముక్క వచ్చేవరకు నేను మనిషిని కాను. తర్వాత చాలాసేపటికి ఫ్రెండ్స్‌తో కలిసి నడుచుకుంటూ వచ్చింది. ఒకబ్బాయి వరంగల్, ఒకమ్మాయి నరసరావుపేట, ఇంకో ఇద్దరి ఊళ్ళు అడగనే లేదు. బీపీ మిషన్ వెంట తెచ్చారు. అత్తయ్యకు చూస్తే పైది 190. మాత్రలేమో గదిలో ఉండిపోయాయి. ఇంజినీరు వచ్చి పగుళ్ళు చూసేదాకా ఎవరినీ లోపలికి పంపకూడదు. ఆ మాట మీద వాళ్ళు గట్టిగా నిలబడ్డారు, మంచిదే. రూమ్‌బాయ్ మాత్రం మేనేజరుకు చెప్పి, హెల్మెట్ పెట్టుకుని, ఒక్క పరుగున వెళ్ళి మా హ్యాండ్‌బ్యాగు తెచ్చాడు. మాత్రలు, పాస్‌పోర్టులు, డబ్బు అన్నీ అందులోనే. మన పిల్లలు గంట గంటకూ బీపీ చూసి కాగితం మీద రాసి పెట్టారు. ఇంకా చదువు పూర్తికాని పిల్లలు, కానీ ఆ రోజు నాకు పెద్ద డాక్టర్లలాగే కనిపించారు.

హోటల్ పక్కన చిన్న భోజన హోటల్ నడిపే ఆవిడ ఎండకు గొడుగు తెచ్చి అత్తయ్య పక్కన పాతింది. అప్పటిదాకా ఆవిడతో మాకు పరిచయం కూడా లేదు. లోలా మాంసం తినదని ఎవరు చెప్పారో, కొత్త మూకుడు కడిగి వంకాయ ముక్కలు విడిగా వేయించి అన్నంతో పెట్టింది. డబ్బు తీసుకోలేదు. అత్తయ్య జన్మలో మొదటిసారి వంటింటి సంగతి ఏమీ అడక్కుండా తింది.

డెస్క్ అమ్మాయి గురించి ఇంకో మాట ఉంది. ఆమెది మాటి, భూకంపం వచ్చిన వైపు ఊరు. అమ్మానాన్న అక్కడే ఉన్నారు, మధ్యాహ్నం దాకా వాళ్ళ ఫోన్ కలవనే లేదు. ఆ విషయం మాలో ఒక్కరికీ చెప్పలేదు. లిస్టు చదివింది, నీళ్ళ సీసాలు పంచింది, ఏడుస్తున్న ఒక చిన్నపిల్లను ఎత్తుకు తిరిగింది. వాళ్ళు క్షేమమని కబురు వచ్చాకే గోడకు ఆనుకుని ఏడ్చింది. నేను వెళ్ళి పట్టుకున్నాను. నేను వాళ్ళకు చేసిన సాయం ఏమైనా ఉందంటే అది ఒక్కటే.

సాయంత్రం ఇంజినీరు చూసి లోపలికి వెళ్ళొచ్చన్నాడు. మాకు పైకి వెళ్ళే ధైర్యం లేదు. లాబీలోనే ఉంటామంటే సరేనన్నారు. ఏడు గంటల పన్నెండు నిమిషాలకు మళ్ళీ ఊగింది. అదీ చిన్నదేం కాదు, 6.8. ఈసారి కుర్చీ సిద్ధంగా ఉంది, రెండు నిమిషాల్లో రోడ్డు మీద ఉన్నాం. గార్డు డ్యూటీ ఆరింటికే అయిపోయింది. ఆయన ఇంటికి ఫోన్ చేసి మనవడితో మాట్లాడి, ఇక్కడే ఉండిపోయాడు. రాత్రికి పరుపులు కిందికి దించి, గాజు తలుపులకు దూరంగా వరసగా వేశారు. ముసలివాళ్ళకు, పిల్లలకు మెట్లకు దగ్గర కాకుండా బయటి ద్వారం దగ్గర చోటిచ్చారు. అలా లాబీలో పడుకున్న రెండు రాత్రులకు మా దగ్గర అద్దె తీసుకోలేదు. అడిగితే మేనేజరు "మీరు గదిలో పడుకోలేదుగా" అన్నాడు.

వచ్చేసే రోజు అత్తయ్య గార్డు చేతిలో డబ్బు పెట్టబోతే తీసుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకుని వంగి తన నుదుటికి ఆనించుకున్నాడు. పెద్దల దీవెన తీసుకోవడం అక్కడ అలాగేనట. అత్తయ్య మన పద్ధతిలో తల మీద చెయ్యి పెట్టి చల్లగా ఉండమంది.

పిల్లల్ని చూడటానికి దవావో వెళ్ళే తల్లిదండ్రులకు ఒక మాట. బడ్జెట్ హోటల్ అని జంకకండి. కింది అంతస్తులో గది అడగండి, మెట్లు ఎక్కడున్నాయో వెళ్ళిన రోజే చూసుకోండి, మందులు, పాస్‌పోర్టులు ఒకే చిన్న బ్యాగులో మంచం పక్కన పెట్టుకోండి. హోటల్ పేరు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, చెబుతాను.

ఆ రోజు ఇండియాలో ఉదయం ఏడుంపావుకే టీవీలో చూసి మావారికి ధైర్యం చెప్పడానికి ఇంటికి వచ్చిన మా వీధివాళ్ళకు, అక్కడి మన పిల్లల వాట్సాప్ గ్రూపులో మా క్షేమం గురించి గంటకోసారి రాసిన ఆ తెలియని తల్లికి, మెస్‌లో గ్యాస్ ఆపేసినా ఎలాగో పెరుగన్నం పంపిన అన్నకు కూడా ధన్యవాదాలు.

చివరగా ఒక చిన్న సాయం అడుగుతున్నా. డిసెంబర్ లోపు ఖమ్మం, హైదరాబాద్ వైపు నుంచి దవావో వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. అత్తయ్య రెండు కిలోల సకినాలు చేసి ఉంచింది, ఒకటి గార్డుగారి మనవడికి, ఒకటి మిగతా స్టాఫ్‌కి. ప్యాకింగ్ నేనే చేసి మీ ఇంటికి తెచ్చిస్తాను.