రక్తపోటు పరీక్ష పనిచోటనే జరగాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలోని బస్సు డ్రైవర్లు, హోటల్ సిబ్బంది, రేణిగుంట పరిసరాల పరిశ్రమల్లో షిఫ్టులు మారుతూ పనిచేసే యువత రక్తపోటును పట్టించుకునేవారు లేరనిపిస్తోంది. పని ఒత్తిడిలో ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతాయి. ఇది రోజూ గంటల తరబడి సాగి, నిద్రలేమి, సిగరెట్, వేళ తప్పిన భోజనం తోడైతే గుండె ధమనులు దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెల్లడించాయి. బీపీ పెద్ద ఉద్యోగుల జబ్బన్న నమ్మకం మనలో ఇంకా ఉంది గానీ, పనిభారం ఎక్కువై, ఆ పనిపై తమ మాట చెల్లని చిన్న ఉద్యోగులకే ఈ ఒత్తిడి ఎక్కువ చేటు చేస్తుంది.

కొందరికి ఆసుపత్రిలో మామూలుగా కనిపించే రక్తపోటు పనివేళల్లో పెరుగుతుంది. కాబట్టి డిపోల్లో, కర్మాగారాల్లో షిఫ్టు నడుమనే పరీక్షలు జరిపేలా, రాత్రి షిఫ్టు చేసినవారికి తగిన విశ్రాంతి దొరికేలా కార్మిక, వైద్యారోగ్య శాఖలు చర్యలు తీసుకోవాలి. ఏడాదికొక యోగా శిబిరం పెట్టి ఫొటోలు దిగితే సరిపోదు.

- ఒక పాఠకుడు, తిరుపతి