కొత్తగా కట్టిన ఇంజన్ను ఐడిల్‌లో వదలొద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆదివారం అనుబంధంలో పాత అమెరికన్ మజిల్ కార్ల మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ చివర్లో, అరిగిన ఇంజన్ను విప్పి కట్టడం గురించి చెబుతూ, ‘కట్టిన ఇంజన్ను మొదటిరోజు అరగంట ఐడిల్‌లో నడవనిస్తే భాగాలన్నీ సర్దుకుంటాయి’ అని రాశారు. ఐడిల్ అంటే యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను నెమ్మదిగా తిరగడం. ఆ సలహా తప్పు. చిన్నాచితకా తప్పు కాదు. ఆ మాట నమ్మి అలాగే చేసినవాళ్ల క్యామ్ షాఫ్టు, అంటే వాల్వులను తెరిపించే కడ్డీ, ఆ అరగంటలోనే పోవచ్చు. టెక్సాస్‌లో, మిషిగన్‌లో, న్యూజెర్సీలో ఉంటూ ఈ పాత కార్లు కొని, ఇంటి గ్యారేజీలోనే ఇంజన్లు కట్టుకునే తెలుగువాళ్లు ఉన్నారు. మీ పత్రిక వాళ్లూ చదువుతారు. అందుకే ఈ ఉత్తరం.

వ్యాసంలో ప్రస్తావించిన షెవర్లే 350 ఇంజన్నే తీసుకుంటాను. 1955లో 265 ఘనపుటంగుళాలతో మొదలైన చిన్న వి8 కుటుంబంలో ఇది 1967 కమారోతో వచ్చింది. బోరు (సిలిండరు వెడల్పు) 4 అంగుళాలు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 3.48. ఈ ఇంజన్లో క్యామ్ షాఫ్టు వి ఆకారానికి మధ్యలో, పిస్టన్లు తిప్పే క్రాంకుకు పైన ఉంటుంది. దాని మీది ఉబ్బెత్తు భాగాలు లోబులు. వాటి మీద ఆని, లేచి వాల్వులను తెరిపించేవి లిఫ్టర్లు. లిఫ్టర్ల అడుగుభాగం చూడ్డానికి చదునుగా ఉంటుంది కానీ నిజానికి కాదు. రెండు కొత్త లిఫ్టర్ల అడుగులు ఒకదానికొకటి ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచుల దగ్గర సన్నటి సందు కనిపిస్తుంది. మధ్యలో అంత కొద్దిగా ఉబ్బి ఉంటుందన్నమాట. క్యామ్ లోబు కూడా ఒక పక్కకు కాస్త వాలుగా గ్రైండు చేసి ఉంటుంది. ఈ రెండూ కలిసి, లోబు లేపిన ప్రతిసారీ లిఫ్టరు తన చుట్టూ తాను కొద్దిగా తిరిగేలా చేస్తాయి. తిరిగినంత కాలం అరుగుదల అంతటా సమంగా పంచుకుంటుంది. తిరగడం ఆగిందా, ఒకే చోట రాసుకుని లోబు మీది గట్టి పొర లేచిపోతుంది. ఆ తర్వాత లోపలి మెత్తటి ఇనుము నిలబడదు.

లోబులకు ఆయిలు గొట్టంలోంచి నేరుగా రాదు. కింద తిరిగే క్రాంకు చిమ్మితే తడవాలి. 600, 700 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఐడిల్‌లో క్రాంకు చిమ్మేది తక్కువ. పైగా ఆ నెమ్మది వేగంలో వాల్వు స్ప్రింగు బలమంతా లోబు కొన మీదే పడుతుంది. కొత్త లోబు, కొత్త లిఫ్టరు ఒకదానికొకటి ఇంకా అలవాటు పడని సమయం అది. ఆయిలు తక్కువ, బరువు ఎక్కువ. లోబు చదునైపోయాక అందులోంచి రాలిన ఇనుప పొడి ఆయిల్లో కలిసి కొత్త బేరింగులన్నిటిలో గుచ్చుకుంటుంది. అప్పుడు మార్చాల్సింది ఒక్క క్యామ్ కాదు, ఇంజను మొత్తం మళ్లీ దించాలి.

కాబట్టి చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఇంజను స్టార్టయిన క్షణం నుంచే 2000 దాటించి, 2000 నుంచి 2500 మధ్య మార్చుతూ 20 నిమిషాలు నడపాలి. మధ్యలో నీళ్లు కారినా, ఇంకేదైనా తేడా కనిపించినా ఐడిల్‌కు దించి చూడకూడదు. ఇంజను ఆపి, సరిచేసి, మళ్లీ నేరుగా 2000కు తీసుకెళ్లి మిగిలిన నిమిషాలు పూర్తి చేయాలి. క్యామ్ ఎక్కించేటప్పుడే లోబులకూ లిఫ్టర్ల అడుగులకూ క్యామ్‌తోపాటు ఇచ్చే మాలిబ్డినం పేస్టు దట్టంగా పూయాలి. వాల్వులను ఎక్కువ లేపే లావు క్యామ్ వేసి వాల్వుకు రెండు స్ప్రింగులు పెట్టినవాళ్లు ఈ 20 నిమిషాలకు లోపలి స్ప్రింగు తీసేయాలి. కొత్త క్యామ్ మీద పాత లిఫ్టర్లు ఎప్పుడూ వేయొద్దు. పాత క్యామే ఉంచుకుంటే ఏ లిఫ్టరు ఏ లోబు మీద ఉండేదో మళ్లీ అక్కడికే వెళ్లాలి. అందుకే విప్పేటప్పుడే వాటిని వరస తప్పకుండా పెట్టుకోవాలి.

ఆయిలు సంగతి కూడా వ్యాసంలో లేదు. ఈ తరహా లిఫ్టర్లను కాపాడేది ఆయిల్లోని జింకు, ఫాస్ఫరస్ కలిసిన రసాయనం. 2004లో వచ్చిన ఎస్‌ఎం అనే అమెరికన్ ఆయిలు ప్రమాణం నుంచి మామూలు పల్చటి పెట్రోలు కారు ఆయిళ్లలో ఫాస్ఫరస్‌ను 0.08 శాతం మించకుండా కట్టడి చేశారు. అది ఎక్కువైతే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు పాడవుతుందని. 1969 నాటి ఇలాంటి కారుకు కన్వర్టరే లేదు. కాబట్టి దీనికి జింకు ఎక్కువగా ఉండే, కొత్త ఇంజన్ను అలవాటు చేసే బ్రేక్-ఇన్ ఆయిలే పోయాలి. ఫిల్టరుతో కలిపి 5 క్వార్టులు పడుతుంది.

స్టార్టు చేసే ముందు ఆయిలు పైదాకా ఎక్కించాలి. ఈ ఇంజన్లో ఆయిల్ పంపును తిప్పేది డిస్ట్రిబ్యూటరు కిందుండే కడ్డీ. డిస్ట్రిబ్యూటరు బిగించక ముందు ఆ రంధ్రంలోంచి పంపును తిప్పే ప్రైమింగ్ టూలు దింపి, డ్రిల్లుతో గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. టూలుకు డిస్ట్రిబ్యూటరు బాడీ లాంటి కాలరు ఉండాలి. ఉత్త కడ్డీతో తిప్పితే ఆయిలు ఆ రంధ్రంలోంచే జారిపోయి లిఫ్టర్ల గ్యాలరీకి, అంటే వాటికి ఆయిలు వెళ్లే దారికి, సరిగా అందదు. మధ్యమధ్య క్రాంకును పావు చుట్టు చొప్పున జరుపుతూ, వాల్వులను నొక్కే 16 రాకర్ల దగ్గరా ఆయిలు ఊరేదాకా తిప్పాలి. కార్బ్యురేటరు గిన్నెలో ముందే పెట్రోలు నింపి, టైమింగు సరిగా పెట్టుకుంటే మొదటి రెండు మూడు చుట్లలోనే స్టార్టవుతుంది. సిలిండర్లు పేలే వరస 1-8-4-3-6-5-7-2. స్టార్టవ్వని ఇంజన్ను సెల్ఫు మీద తిప్పుతూనే ఉంటే పూసిన పేస్టంతా లోబుల మీది నుంచి తుడుచుకుపోతుంది.

ఇక వ్యాసం అసలు ముట్టుకోని విషయం కొలత. పొగ వస్తోంది కదా అని ఇంజను దించేయకూడదు. ఉదయం స్టార్టు చేయగానే గుప్పున నీలం పొగ వచ్చి నిమిషంలో ఆగిపోతే అది ఎక్కువగా వాల్వు సీళ్ల పని. ఆ రోజుల 350లో సీళ్లంటే వాల్వు కాడ మీది చిన్న రబ్బరు రింగులే. ఏళ్ల వేడికి అవి ప్లాస్టిక్ ముక్కల్లా బిరుసెక్కి విరుగుతాయి. సిలిండర్లోకి గాలి పట్టి వాల్వు పడిపోకుండా ఆపి, హెడ్డు విప్పకుండానే మార్చవచ్చు. యాక్సిలరేటరు తొక్కినంతసేపూ పొగ వస్తే అప్పుడు పిస్టన్ రింగులను అనుమానించాలి. ఇంజను వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిలు పూర్తిగా తెరిచి ఎనిమిది సిలిండర్ల కంప్రెషనూ కొలిచి రాసుకోవాలి. అన్నిటికన్నా తక్కువది, ఎక్కువదానిలో ముప్పావు వంతు కన్నా పడిపోకూడదు. తగ్గినచోట చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు లేదా బోరు, పెరగకపోతే వాల్వులు.

ఆయిల్ చాంబరు విప్పాక ముందు పంపు జల్లెడ చూడాలి. కంపెనీ వేసిన క్యామ్ గేరుకు చాలా ఇంజన్లలో నైలాను పళ్లుంటాయి. అవి పగిలి ముక్కలు జల్లెడలో ఇరుక్కుని ఆయిలు అందకుండా చేస్తాయి. ప్రెషరు పడిపోయింది, బేరింగులు పోయాయి అనుకునే ఇంజన్లలో కొన్నిటికి జబ్బు ఇదే. ఎలాగూ విప్పారు కాబట్టి ఇనుప గేర్ల రోలరు చెయిను సెట్టు వేయండి.

బోరు పైఅంచున రింగు చేరని చోట చిన్న గట్టు మిగులుతుంది. దాన్ని రిడ్జ్ రీమరుతో తీయకుండా పిస్టన్లను తోస్తే పిస్టను మీది రింగు గాడుల అంచులు విరుగుతాయి. గట్టు కింద ఒకచోట, అడుగున ఒకచోట కొలవండి. రెంటికీ తేడా 5 తౌ దాటితే, అంటే అంగుళంలో వెయ్యింట 5 వంతులు దాటితే, రీబోరు, అంటే సిలిండరును తొలిచి పెద్దది చేయడం, తప్పదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజను బోరింగు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పద్ధతి అదే. 30 సైజుకు, అంటే 30 తౌ పెద్దదానికి వెళితే బోరు 4.030 అవుతుంది, ఇంజను 355 ఘనపుటంగుళాలు అవుతుంది. 60 కూడా పోతుంది కానీ గోడ పల్చబడుతుంది. మందం కొలిపించకుండా దాని జోలికి పోవద్దు. ముందు పిస్టన్లు కొని షాపుకు ఇచ్చి, ఆ పిస్టన్ల కొలతకే బోరు చేయమనండి. బోరు చేశాక పిస్టన్లు వెతకడం తిరగేసిన పని.

పిస్టన్లు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చౌకగా దొరికే రీబిల్డరు పిస్టన్లు చాలావాటిలో పిన్ను మధ్య నుంచి తలదాకా ఎత్తు 1.540 అంగుళాలే. కంపెనీది 1.560. కంపెనీ పిస్టనే బ్లాకు పైతలం కన్నా 25 తౌ కిందుంటుంది. పొట్టిది వేస్తే 45 తౌ అవుతుంది. దాని మీద 40 తౌ గాస్కెట్ వేస్తే పిస్టనుకూ హెడ్డుకూ మధ్య 85 తౌ. కంప్రెషను తగ్గినా ఇంజను నాక్ కొడుతుంది, ఎందుకంటే గాలీ పెట్రోలూ అక్కడ గట్టిగా నలిగి కలవవు. అప్పుడు షాపువాళ్లు బ్లాకు పైతలం చెక్కిద్దాం అంటారు. అక్కడే నా గుండె ఆగుతుంది. ప్రయాణికుడి వైపు (అమెరికా కార్లలో కుడి) హెడ్డుకు ముందు, బ్లాకు మీద చిన్న చదునైన చోట ఇంజను కోడూ, కారు సీరియల్ నంబరులో కొంత భాగమూ పంచ్‌తో కొట్టి ఉంటాయి. కారుతో పుట్టిన ఇంజనే అని రుజువు చేసేవి ఆ అంకెలే. మిల్లింగు కట్టరు ఒక్కసారి ఆ మీదుగా వెళ్లిందంటే, యాభై ఏళ్లు నిలిచిన ఆ గుర్తు మళ్లీ రాదు. తర్వాత ఎంత చక్కగా పంచ్ కొట్టినా, కంపెనీ ఆ తలాన్ని చెక్కినప్పుడు పడ్డ బ్రోచింగు గీతలు లేకపోవడం తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. 1.560 పిస్టన్లు కొనండి, పల్చటి స్టీలు గాస్కెట్ వేయండి. చెక్కక తప్పదంటే ముందు ఫొటోలు తీసి, ఆ చోటు వదిలి చెక్కగలిగే షాపుకే ఇవ్వండి.

హోనింగు (బోరు గోడలను రాతితో సన్నగా గీరడం) అయ్యాక బోర్లను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగితే సరిపోదు. అవి జిడ్డును తీస్తాయి, రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, గట్టి బ్రష్షు. ఆరాక తెల్లగుడ్డకు ఆయిలు రాసి తుడవాలి. గుడ్డ మీద బూడిదరంగు కనిపిస్తే మళ్లీ కడగాలి. తెల్లగా వచ్చేదాకా ఆపొద్దు. వచ్చిన వెంటనే ఆయిలు పూయకపోతే నిమిషాల్లో తుప్పు పడుతుంది. ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ తీయించి లోపల కూడా బ్రష్షు పట్టాలి. వెనుక మెయిన్ క్యాపు కింద దాగి ఉండే చిన్న ప్లగ్గు ఒకటి చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే ఆయిలు ఫిల్టరు ఎక్కకుండానే తిరుగుతుంది.

క్రాంకు మీద బేరింగులు ఆనే చోట్లు జర్నళ్లు. మెయిన్ జర్నళ్లు 2.448, రాడ్డు జర్నళ్లు 2.100 అంగుళాల చుట్టూ ఉండాలి. గీతలు పడితే 10 తౌ గ్రైండు చేయించి 10 అండర్ సైజు బేరింగులు వేయాలి. బేరింగు గ్యాపు 2 నుంచి 2.5 తౌ ఉండేలా, నలిగిన వెడల్పును బట్టి గ్యాపు చూపే ప్లాస్టిగేజి అనే సన్నటి ప్లాస్టిక్ దారంతో చూసుకోండి. పై రింగు కొసల మధ్య సందు 16 తౌ, రింగును బోరులోకి పిస్టనుతో తోసి నిటారుగా నిలిపి కొలవాలి. బిగింపు: మెయిన్ బోల్టులు 70 ఫుట్-పౌండ్లు, రాడ్డు నట్లు 45, హెడ్ బోల్టులు మూడు విడతల్లో 65. హెడ్ బోల్టుల మరలకు సీలెంటు తప్పనిసరి, ఎందుకంటే వాటి రంధ్రాలు నీళ్లలోకి దిగుతాయి. రాడ్డు బోల్టులకు రబ్బరు గొట్టం ముక్కలు తొడిగితే క్రాంకుకు గీత పడదు.

ఎగ్జాస్టు వాల్వులు ఆనే చోట గట్టి సీట్లు వేయించాలని వ్యాసంలో రాశారు. సీటు లోపలికి దిగిపోయి ఉంటే సరే. ఆదివారాలు తిప్పుకునే కారుకు, బాగున్న సీటును తొలిచి నీళ్లదారి బయటపెట్టుకునే ప్రమాదం తెచ్చుకోనక్కర్లేదు.

20 నిమిషాలు అయ్యాక, వేడి మీదే ఆయిలు దించి ఫిల్టరు కోసి చూడండి. మడతల్లో కాస్త బూడిదరంగు పేస్టు మామూలే. అయస్కాంతానికి అతుక్కునే పొలుకులు ఉంటే ముందుకెళ్లొద్దు, వాల్వు కవర్లు విప్పి ఏ రాకరు తక్కువ లేస్తోందో కొలవండి. అంతా బాగుంటే రోడ్డు మీదికి తీసుకెళ్లి 30 నుంచి 50 మైళ్ల వేగానికి సగం థ్రాటిలుతో లాగి వదలడం పదిసార్లు చేయండి. రింగులు కూర్చునేది ఈ బరువులోనే. 500 మైళ్లకు మళ్లీ ఆయిలు మార్చండి.

వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. చోటు తక్కువైతే ఒక్క వాక్యం చాలు: ఐడిల్ కాదు, 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మీద 20 నిమిషాలు.

భవదీయుడు,
ఒక ఇంజను మెకానిక్కు, మిషిగన్